ముల్లు ఆగిన చోట

దిబ్రూగఢ్‌లో విమానం దిగేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు. ఇప్పుడు టాక్సీలు బారులు తీరే ఈ మోహన్‌బారి నుంచే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా రవాణా విమానాలు చైనాకు బయల్దేరేవి. అక్కడినుంచి బోగీబీల్‌ వంతెన మీదుగా బ్రహ్మపుత్ర దాటాలి. 2018లో ప్రారంభమైన ఈ వంతెన పొడవు దాదాపు అయిదు కిలోమీటర్లు. మన రాజమండ్రి వంతెనలాగే పైన రోడ్డు, కింద రైలు. దాటాక తేయాకు తోటలు, వెదురు పొదలు, చివరికి సియాంగ్‌ ఒడ్డున పాసీఘాట్‌. 1911లో వెలసిన ఈ ఊరు అరుణాచల్‌ ప్రదేశ్‌లోకెల్లా పాత పట్టణమంటారు.

ఇక్కడ 2023 నవంబరులో ఓ మ్యూజియం తెరిచారు. పేరు 'హంప్‌'. చుట్టుపక్కల కొండల్లో కూలిపోయిన విమానాల శకలాలే ఇందులోని సొత్తు. వంకర్లు పోయిన రేకులు, ఆక్సిజన్‌ సిలిండర్లు, మరతుపాకులు... చూసేవాళ్లు ఎవరైనా ముందు అడిగేది ఒకటే. ఇది ఏ విమానానిది? ఎప్పటిది?

జవాబు చెప్పడానికి ఓ ఇనుప ముక్క కంటే కాక్‌పిట్‌ మీటరు ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే దానిమీద రాత ఉంటుంది.

ఇంతకీ హంప్‌ అంటే మూపురం. 1942 మార్చిలో రంగూన్‌ జపాన్‌ వశమైంది. ఆ తర్వాత బర్మా నుంచి చైనాకు వెళ్లే రోడ్డూ తెగిపోయింది. (ఆ ఏప్రిల్‌ 6నే విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్‌ బాంబులు పడ్డాయి. మన తాతల తరం చెప్పుకున్న 'బాంబుల రోజు' అదే.) పెట్రోలు, తుపాకులు, మందులు ఇక ఆకాశ మార్గానే పోవాలి. అస్సాం నుంచి కున్మింగ్‌కు 800 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో మూపురంలాంటి మంచు కొండలు. యుద్ధం ముగిసేలోగా ఆరున్నర లక్షల టన్నుల సరుకు చేరవేశారు. అందుకు 600 దాకా విమానాలు బలయ్యాయి. మబ్బు, మంచు, గాలి... శత్రువు కంటే వాతావరణమే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది. మనదేశంలో గల్లంతై ఇంకా లెక్క తేలని అమెరికా సైనికులు సుమారు 400 మంది. అందులో ఎక్కువమంది ఈ ఈశాన్య కొండల్లోనే.

డయల్‌ మీద కొలతలు

మీటరు చేతికొస్తే ముందు చూడాల్సింది కంపెనీ పేరు కాదు, కొలతలు. ఎత్తు అడుగుల్లో, వేగం మైళ్లలోనో నాట్లలోనో ఉంటే బ్రిటన్‌ లేదా అమెరికా సరుకు. కిలోమీటర్లుంటే జర్మనీదో మరో దేశానిదో. బ్రిటిష్‌, అమెరికాల మధ్య తేడా పట్టుకోవాలంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని చూపే డయల్‌ చూడాలి. బ్రిటిష్‌వాళ్లు మామూలు వాతావరణ ఒత్తిడిని సున్నా అనుకుని, దానిమీద చదరపు అంగుళానికి ఎన్ని పౌన్లో లెక్కేస్తారు. అమెరికా డయల్‌లో పాదరసం అంగుళాలుంటాయి. అక్కడ మామూలు ఒత్తిడి సుమారు 30 దగ్గర ఉంటుంది. ఒకే గాలి, రెండు లెక్కలు!

ముళ్లనూ లెక్కపెట్టాలి. ఒక డయల్‌లో రెండు ముళ్లుండి, వాటిమీద ఎడమ, కుడిలను సూచించే ఎల్‌, ఆర్‌ అక్షరాలుంటే సాధారణంగా రెండింజిన్ల విమానానిది. సి-47 డకోటాలాంటిదన్నమాట.

జపాన్‌ మీటరైతే తమాషాగా ఉంటుంది. మనకు శాలివాహన శకంలా వాళ్లకూ సొంత లెక్క ఉంది. అందులో 1940 అంటే 2600వ సంవత్సరం. ఆ ఏడాది నమూనాకు చివరి అంకె 'సున్నా' పేరుగా పెట్టారు. 'జీరో' యుద్ధవిమానానికి ఆ పేరొచ్చింది అలాగే. '98 రకం' అని ఉంటే 1938 నాటి నమూనా. లంగరు గుర్తుంటే నౌకాదళానిది. తయారీ తేదీలో షోవా 18 అని ఉంటే 1943 అని అర్థం. ఆ చక్రవర్తి ఏలుబడిలో తొలి ఏడాది 1926 మరి.

వెనక అంటించిన పట్టీ

అసలు జాతకం వెనక ఉంటుంది. అమెరికా మీటర్ల పట్టీ మీద 'ఏఎన్‌'తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. సైన్యం, నౌకాదళం ఇద్దరికీ ఒకే నమూనా అని దానర్థం. అది తేదీ కాదు. యుద్ధం తర్వాతా అవే నంబర్లతో మీటర్లు తయారయ్యాయి కాబట్టి, 'ఏఎన్‌ ఉంది, యుద్ధకాలందే' అని అమ్మేవాళ్ల మాట నమ్మకూడదు. దానికంటే శాఖ పేరు నమ్మకమైన గుర్తు. అమెరికాలో వైమానిక దళం సైన్యం నుంచి విడిపోయి వేరే శాఖ అయింది 1947 సెప్టెంబరులో. పట్టీ మీద 'యుఎస్‌ ఎయిర్‌ఫోర్స్‌' అని ఉంటే యుద్ధం అయిపోయాక వేసిన పట్టీ. 'ఎయిర్‌ కోర్‌' అనో 'ఆర్మీ ఎయిర్‌ఫోర్సెస్‌' అనో ఉంటే అంతకుముందుది.

బ్రిటిష్‌ మీటరైతే 'ఏఎం' అక్షరాల పైన కిరీటం ఉంటుంది. ఎయిర్‌ మినిస్ట్రీ అని. దాంతోపాటు '6ఏ' అని మొదలయ్యే సామాన్ల నంబరు. ఆ కిరీటం ఆకారం కూడా ఓ తేదీయే! 1952లో ఆరో జార్జ్‌ పోయి ఎలిజబెత్‌ రాణి వచ్చాక కిరీటం గుర్తు మార్చారు. రాజుగారి కిరీటం పైభాగం గుండ్రంగా ఉంటుంది. రాణిగారిది నడిమధ్య కాస్త లోపలికి నొక్కినట్టుంటుంది.

మనదేశంలో ఇంకో చిక్కుంది. యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో తుక్కు కింద వదిలేసిన లిబరేటర్‌ బాంబర్లను హిందుస్థాన్‌ ఎయిర్‌క్రాఫ్ట్‌ వాళ్లు మళ్లీ బాగుచేశారు. అలా 42 విమానాలు ఎగిరాయి. మన వైమానిక దళం వాటిని 1968 దాకా వాడింది. కాబట్టి ఏ పాత ఇనుము కొట్లోనో 1943 నాటి మీటరు దొరికితే, దానికి 1960ల నాటి మరమ్మతు చీటీ ఉన్నా ఆశ్చర్యం లేదు. చీటీ చివరిసారి బాగుచేసిన తేదీ చెబుతుంది. పుట్టినరోజు చెప్పదు.

అలాగని మీటరు మూత విప్పబోకండి. చీకట్లో కనిపించడానికి అంకెలకు, ముళ్లకు రేడియం పూశారు. మన బళ్లకు అంటించే 'రేడియం' స్టిక్కర్లలో రేడియం ఉండదు. వీటిలో నిజంగానే ఉంటుంది. మెరుపు ఎప్పుడో పోయినా, రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. గీకితే లేచే పొడి ఒంట్లోకి వెళ్లడం ప్రమాదం.

ఇన్ని చెప్పే మీటరు ఒక్కటి మాత్రం చెప్పలేదు... ఆ విమానంలో ఎవరున్నారన్నది. పాడైతే తీసి వేరేది బిగిస్తారు, ఒక విమానంలోది ఇంకో విమానంలోకి వెళ్తుంది. 1943 నుంచి అమెరికా సైన్యం గల్లంతైన ప్రతి విమానానికీ ఓ నివేదిక రాసిపెట్టేది. అందులో సిబ్బంది పేర్లతోపాటు తోక నంబరు, ఇంజిన్ల నంబర్లు, మరతుపాకుల నంబర్లు ఉండేవి. మీటర్ల నంబర్లకు చోటు లేదు. అందుకే కొండల్లో వెతికేవాళ్లు అందంగా కనిపించే డయల్‌ను వదిలి, మట్టి పట్టిన ఇంజిన్‌ పలక కోసం తవ్వుతారు.

అలా వెతికే అమెరికన్‌ క్లేటన్‌ కూల్స్‌. అరిజోనా నుంచి సొంత ఖర్చుతో వచ్చి, స్థానిక వేటగాళ్లను వెంటబెట్టుకుని ఈ కొండలెక్కాడు. 2006లో ఎగువ సియాంగ్‌లోని దామ్రో దగ్గర ఒక లిబరేటర్‌ శకలాలు చూశాడు. సిబ్బంది దానికి 'హాట్‌ యాజ్‌ హెల్‌' అని పేరు పెట్టుకున్నారు. తోక నంబరు 42-73308. మొదటి రెండంకెలు ఆర్డరిచ్చిన ఆర్థిక సంవత్సరం. లిబరేటర్‌లో ఈ 'జె' రకం తయారీ మొదలైంది మాత్రం 1943లో. 1944 జనవరి 25న ఎనిమిది మందితో కున్మింగ్‌ నుంచి అస్సాంలోని చబువాకు బయల్దేరి, చేరలేదు.

2015లో అమెరికా బృందం వచ్చి అక్కడ తవ్వింది. 2016లో అవశేషాలు దేశం దాటాయి. మర్నాడు జార్జియా రాష్ట్రంలో ఎవరికో కబురు అందలేదు. పరీక్షలు ముగిసేసరికి ఇంకో ఏడాది పట్టింది. అవి లెఫ్టినెంట్‌ రాబర్ట్‌ ఆక్స్‌ఫర్డ్‌వని తేల్చి, 2017 జూన్‌లో సొంతూరు కాంకర్డ్‌లో ఖననం చేశారు. 73 ఏళ్ల తర్వాత!

కొండల్లో నడిచేటప్పుడు ఇలాంటి ముక్క కనిపిస్తే ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, దాన్ని అక్కడే వదిలి స్థానిక అధికారులకు చెప్పండి. అక్కడ దొరికిందన్న సంగతే దాని అసలు విలువ. డ్రాయింగ్‌ రూములో అలమారాకెక్కాక ఆ సంగతి పోతుంది.

పాసీఘాట్‌ వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి మార్చి మధ్య అనువు. దిబ్రూగఢ్‌ నుంచి రోడ్డున దాదాపు 150 కిలోమీటర్లు. ఇతర రాష్ట్రాల వాళ్లకు ఇన్నర్‌ లైన్‌ పర్మిట్‌ తప్పనిసరి.