నొప్పితో పాటు పశువు సంగతీ చెప్పాలి

మన గూడేల్లో చాలా ఇళ్ళల్లో ఆవుపాలు పిండరు. పాలు దూడవే అంటారు పెద్దలు. అందుకే పశువుల జ్వరం మనదాకా రాదనుకుంటాం. కానీ ఆవు ఈసుకుపోయినా, మేక నెలలు నిండకుండా పిల్లను వేసినా, మాయ తీసేది మన చేతులే. బ్రూసెల్లోసిస్ క్రిమి పచ్చిపాల నుంచే కాదు, ఆ మాయ తగిలిన చేతి గాయం నుంచి కూడా ఒంట్లోకి వస్తుంది. మాల్టా దీవిలో ఈ జ్వరానికి మేకలే మూలమని 1905లో తేలింది. ఆ మేకలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయట.

మొదట జ్వరం, చెమటలు, ఒళ్ళునొప్పులు. మనకు జ్వరమంటే మలేరియా. పరీక్షలో మలేరియా లేదంటారు. గోలీలకు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత. రోగం ఒంట్లో ఒకచోట గూడు కట్టుకుంటుంది. ఎక్కువగా ఎముకల్లో, కీళ్ళల్లో. నడుము, తుంటి పట్టేసి మనిషి లేవలేడు. మనం పని నొప్పి అనుకుని పసరు రాస్తాం. కొందరు మగవాళ్ళకు వృషణం వాస్తుంది, సిగ్గుపడి చెప్పరు. మెదడుకు పాకితే తలనొప్పి, మతి తప్పడం. గుండె కవాటాలకు పట్టడం అరుదే గానీ, ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా అదే. ఆయాసం వస్తే ఆలస్యం చేయకూడదు.

వెన్నులో చేరితే టీబీలా కనిపిస్తుంది. కీళ్ళ నొప్పిని సికిల్ సెల్ అనుకోవచ్చు. పశువు సంగతి మనం చెప్పకపోతే డాక్టరుకు ఈ అనుమానం రాకపోవచ్చు. చెబితే రక్తపరీక్ష రాస్తారు.

ఇక్కడే పంతుళ్ళకు పని ఉంది. బడికి రాని పిల్లవాణ్ణి అడిగితే, "అయ్యకు నడుం లేవట్లేదు సార్, మేకల్ని నేనే తోలుతున్నా" అంటాడు. హాజరు పుస్తకం మూసేయకుండా ఇంకో రెండు మాటలు అడుగుదాం. జ్వరం వచ్చి పోతోందా? ఇంట్లో మేకలు ఈసుకుపోయాయా? అవునంటే ఆశా అక్కకు చెప్పి, ఆ రెండు సంగతులూ చీటీ మీద రాసి ఆసుపత్రికి పంపుదాం.

మందులు కనీసం 6 వారాలు వాడాలి. వెన్నుకు పడితే 3 నెలలు, ఇంకా ఎక్కువ. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు, రోగిని వెలివేసినట్టు చూడొద్దు.

యువకులారా, మాయను ఉత్త చేతులతో ముట్టొద్దు. కవరైనా తొడుక్కుని, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం వేసి పూడ్చండి. 4 నుంచి 8 నెలల ఆడ దూడలకు ప్రభుత్వం వేసే టీకా వేయించండి.