మేడమీదినుంచి వంటింటికి

మా ఇంట్లో మేడమీది గదికీ కింది వంటింటికీ మధ్య పద్దెనిమిది మెట్లున్నాయి. అయినా కొంతకాలంపాటు, మా నాన్నగారు పైనుంచి ఫోనులో, "కాస్త కాఫీ పంపండి," అంటే ఆ మాట మరొక నగరందాకా పోయి, తిరిగివచ్చి, అప్పుడు వంటింట్లో వినపడేది. ఇందులో అతిశయోక్తి లేదు. ఇంటర్నెట్టు ఫోన్ల సంగతి తెలుసుకుంటే ఇది మీకే అర్థమవుతుంది.

నాన్నగారికి ఎనభై మూడేళ్ళు. వేళ్ళు వణకటంచేత సెల్‌ఫోను అద్దంమీద అంకెలు నొక్కటం ఆయనకు కష్టం. పాతకాలపు బరువైన టెలిఫోను అయితే ఆయన చేతికి అలవాటే. అందుచేత అలాటి ఫోన్లు రెండూ, వాటికి రెండు అడాప్టర్లూ తెచ్చాము. అడాప్టరు అరచేతిలో పట్టేటంత పెట్టె. దానికి ఒక పక్క టెలిఫోను తీగ, రెండో పక్క రౌటరునుంచి వచ్చే తీగ తగిలిస్తారు. రౌటరు ఇంట్లోని కంప్యూటర్లనూ, ఫోన్లనూ ఒకదానితో ఒకటీ, బయటి ఇంటర్నెట్టుతోనూ కలుపుతుంది.

అడాప్టరు చేసే పని చిత్రమైనది. మన గొంతు తీగలో అలలాగా వస్తుంది. అడాప్టరు ఆ అల ఎత్తును సెకండుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా మారుస్తుంది. మామూలుగా అలాటి కొలతలు 160 చేరగానే వాటిని పొట్లం కట్టి, పైన చిరునామా వేసి పంపేస్తుంది. అంటే సెకండుకు 50 పొట్లాలన్నమాట! అవతలి అడాప్టరు వాటిని విప్పి, సంఖ్యలను మళ్ళీ అలగా మార్చి వినిపిస్తుంది.

అయితే, నాన్నగారు నొక్కేది నంబరు. పొట్లానికి కావలసింది చిరునామా. ఏ నంబరు ఎక్కడున్నదో తెలిసినవారు ఎవరో ఒకరు ఉండి తీరాలి. పూర్వం టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటర్లు ఈ పని చేసేవారు. మనిషి లేకుండా తనంతట తానే నంబర్లు కలిపే యంత్రానికి అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన 1891లో పేటెంటు పొందాడు. ఇంటర్నెట్టు ఫోన్లకు "సిప్" అనే నిబంధనలున్నాయి. ఇవి 1999లో వెలువడి, 2002లో కొత్తరూపు పొందాయి. వీటి ప్రకారం ప్రతి అడాప్టరూ కొంతసేపటికొకసారి ఎక్స్ఛేంజి కంప్యూటరుకు, "నేను ఫలానా నంబరును, ఫలానా చోట ఉన్నాను," అని కబురు చేస్తుంది.

మాకు ఫోను నంబర్లు ఇచ్చిన సంస్థ ఎక్స్ఛేంజి వేరే నగరంలో ఉన్నది. మా అడాప్టర్లు రెండూ దానికే కబురు చేసేవి. అందుకే ఇంట్లోని మాట ఊరు దాటి వచ్చేది. ఒక్కొక్కప్పుడు నాన్నగారి గొంతు మాకు వినపడేది, మా గొంతు ఆయనకు వినపడేది కాదు. దీనికీ కారణమున్నది. పోస్టు జవానుకు మన వీధి తలుపు నంబరు తెలుసు గాని, లోపల ఏ గదిలో ఎవరున్నారో తెలియదు గదా! బయటి ఇంటర్నెట్టుకు కూడా రౌటరు చిరునామాయే తెలుస్తుంది. లోపలి అడాప్టర్ల చిరునామాలు తెలియవు. బయటినుంచి తిరిగివచ్చిన పొట్లాన్ని ఏ గదికి పంపాలో రౌటరు తేల్చుకోలేకపోతే ఆ మాట గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఒకనాటి సాయంత్రం గాలివానకు చెట్టుకొమ్మ విరిగి, వీధిలోని ఇంటర్నెట్టు కేబులు తెగింది. అదే సమయంలో నాన్నగారికి కళ్ళు తిరిగాయి. ఆయన ఫోను ఎత్తి వంటింటి నంబరు నొక్కారు. ఎంత నొక్కినా మోగలేదు. ఇంట్లో తీగలన్నీ బాగానే ఉన్నాయి, కరెంటు కూడా ఉన్నది. కాని ఎక్స్ఛేంజికి దారి లేదు. మా అమ్మాయి పాలు తీసుకుని పైకి వెళ్ళింది గనక సరిపోయింది. ఆయన గోడ పట్టుకుని కూర్చుని ఉన్నారు.

మర్నాడు అమ్మాయి నన్ను, "నాన్నా, తాతయ్య పైన, మనం కింద. మధ్యలో ఆ ఊరెందుకు?" అని అడిగింది.

సరైన ప్రశ్నే. దీనికి రెండు మార్గాలున్నాయి. కొన్ని అడాప్టర్లలో "12 నొక్కితే ఫలానా చిరునామాకు నేరుగా పో" అని రాసిపెట్టవచ్చు. రెండు ఫోన్లకు ఇది చాలు. అయితే రౌటరు ఆగి తిరిగి పనిచేసినప్పుడు చిరునామాలు మార్చవచ్చు గనక, ఏ అడాప్టరుకు ఏ చిరునామా ఇవ్వాలో దానికి ముందే నియమించాలి. ఫోన్లు ఎక్కువైతే ఇంట్లోనే ఒక ఎక్స్ఛేంజి పెట్టుకోవటం మేలు. 1999లో మార్క్ స్పెన్సర్ ప్రారంభించిన "ఆస్టరిస్క్" అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. చిన్న కంప్యూటరు చాలు.

మేము వీధి గదిలో మూడో ఫోను కూడా పెట్టదలిచాము గనక రెండో మార్గమే పట్టాము. మేడకు 11, వంటింటికి 12, వీధి గదికి 13. రెండంకెల నంబరు నొక్కితే పిలుపు ఇల్లు దాటదు. పెద్ద నంబరు నొక్కితే బయటి సంస్థకు పోతుంది. ఎక్స్ఛేంజి పిలుపు కలిపితే చాలు, ఆ తరవాత మాటల పొట్లాలు ఒక అడాప్టరునుంచి మరొకదానికి నేరుగా పోయే ఏర్పాటు కూడా ఉన్నది.

ఒక్క లోటు మాత్రం గుర్తుంచుకోవాలి. పాతకాలపు ఫోనుకు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజి బ్యాటరీలనుంచి ఆ తీగలోనే వచ్చేది, అందుచేత ఇంట్లో కరెంటు పోయినా అది పలికేది. అడాప్టరు అలా కాదు. మేము రౌటరుకూ, చిన్న కంప్యూటరుకూ, అడాప్టర్లకూ బ్యాటరీ ఏర్పాటు చేశాము. అలాగే, అంబులెన్సు కోసం 108కి ఫోను చెయ్యాలంటే బయటికి దారి ఉండాలి. అందుకని వంటింట్లో సెల్‌ఫోను ఒకటి ఎప్పుడూ ఉంచుతాము.

ప్రతినెలా మొదటి ఆదివారం అమ్మాయి బయటి కేబులు పీకేసి, 11 నొక్కి పరీక్ష చేస్తుంది. నాన్నగారు ఆవేళ పొద్దుటినుంచీ ఫోను పక్కనే కూర్చుంటారు. మొదటిసారి మోగగానే ఎత్తి, "వినపడుతున్నది గాని, ఇవాళ కూరేమిటే?" అని అడుగుతారు.