సైకిలెక్కి... గట్టెక్కి!

తెనాలి నుంచి బాపట్ల, రేపల్లె దాకా లారీ హారన్ వినపడని దారులు

డెల్టాలో సైకిల్ తొక్కేవాళ్లకి ఒక వరం ఉంది. ఎక్కుళ్లు లేవు. తెనాలి నుంచి సముద్రం దాకా నేల చాప పరిచినట్టే ఉంటుంది. మొత్తం దారిలో మీరు ఎక్కాల్సిన పెద్ద కొండ ఏదంటే, కాలువ మీద వంతెనే! గేర్ల సైకిలే కావాలని లేదు. పాలక్యాన్లు కట్టుకుని తిరిగే పాత సైకిలైనా చాలు.

శాపం కూడా ఒకటుంది. మెయిన్ రోడ్లు ఇరుకు. ధాన్యం లారీ ఒకటి ఎదురైతే సైకిల్ వాడు మార్జిన్‌లోకి దిగాల్సిందే. అందుకే నేనొక సూత్రం పెట్టుకున్నాను. మనుషులు పోయే రోడ్డు కాదు, నీళ్లు పోయే దారి పట్టుకోవాలి.

బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట కట్టారు. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ సీతానగరం వైపు మొదలయ్యే పెద్ద కాలువ దుగ్గిరాల దగ్గరికొచ్చి పాయలుగా చీలుతుంది. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు పోతాయి. ప్రతి కాలువకీ గట్టు ఉంటుంది. లాకుల దగ్గర పనిచేసే లస్కర్లు తిరగడానికి, రైతులు పొలాలకి పోవడానికి గట్టు మీద బాట ఉంటుంది. కొన్ని చోట్ల తారు, కొన్ని చోట్ల గ్రావెల్, కొన్ని చోట్ల ఉత్త మట్టి. మన సైకిల్ ట్రాక్ అదే. ఎవరూ మనకోసం వెయ్యలేదు, అంతే!

కాలువ వెంట బాపట్లకి

తెనాలి నుంచి బాపట్ల రైలు లెక్కన 43 కిలోమీటర్లు. గట్లు, డొంకలు పట్టుకుని పోతే ఇంకొంచెం ఎక్కువే. చుండూరు, మోదుకూరు, నిడుబ్రోలు, అప్పికట్ల... రైలు స్టేషన్ల పేర్లే మీకు గుర్తులు. దారి తప్పితే పట్టాలు ఎటున్నాయో అడగండి, చాలు.

తెల్లవారుజామున అయిదున్నరకి బయల్దేరితే చుండూరు చేరేసరికి ఎండ పొడ పడుతుంది. ఆ ఊరు దాటే ముందు కాసేపు ఆగండి. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితులని వెంటాడి చంపారు. గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేసిన శవాలని తర్వాత వెతికి తీశారు. చనిపోయినవాళ్లని ఖననం చేసిన చోటే రక్తక్షేత్రం. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. పచ్చటి పొలం, నిండు కాలువ ఫొటో తీసుకుంటున్నప్పుడు ఇది కూడా తెలిసి ఉండాలి. ఖాళీగా కనిపించినంత మాత్రాన అక్కడ ఏమీ జరగనట్టు కాదు.

ఆపైన నిడుబ్రోలు వైపు కొమ్మమూరు కాలువ. ఇది దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. ఒకప్పుడు సరుకుల పడవలు నడిచిన నీళ్లివి. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఈ కాలువకీ చోటుంది. నేను తొక్కినప్పుడల్లా కనిపించింది మాత్రం గుర్రపుడెక్క, బాతులు, గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న తాతలు.

బాపట్ల దగ్గరపడేకొద్దీ నల్లరేగడి పోయి ఇసుక నేల మొదలవుతుంది. వరి తగ్గి సరుగుడు తోటలు, వేరుశనగ చేలు కనిపిస్తాయి. టైరు కింద మార్పు మీకే తెలుస్తుంది. ఊళ్లో భావనారాయణస్వామి గుడి, 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల తప్పక చూడండి. మనం ఇంట్లో తినే బీపీటీ బియ్యం ఉన్నాయే, ఆ బీపీటీ అంటే బాపట్లే! ఆ 5204 రకం, అంటే సాంబ మసూరి, ఇక్కడే పుట్టింది.

అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు తొక్కితే సూర్యలంక బీచ్. ఆదివారం కార్లతో నిండిపోతుంది, కాబట్టి మామూలు రోజు చూసుకోండి. అలల ముందు నిలబడ్డప్పుడు 1977 నవంబర్ 19 తుపాను గురించి పక్కనున్న పెద్దవాళ్లని అడగండి. దివిసీమ పేరు అందరికీ తెలుసు. బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవాళ్లు కూడా గోడలు కూలి చనిపోయారన్న సంగతి మన వయసువాళ్లలో చాలామందికి తెలీదు.

కరకట్ట మీద రేపల్లెకి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే. తెనాలి నుంచి కొల్లిపర మీదుగా కృష్ణ ఒడ్డుకి పోయి కరకట్ట ఎక్కాలి. ఇక నదిని ఎడమచేతి పక్కన పెట్టుకుని కిందికి తొక్కడమే. మున్నంగి, దోనేపూడి, పెసర్లంక, ఓలేరు, చివరికి పెనుమూడి. ఎడమవైపు లంకల్లో అరటి, పసుపు, కంద. కుడివైపు వరి. మధ్యలో ఎత్తుమీద మీరు.

ఒకసారి గట్టు మీద టీ కొట్టు దగ్గర ఆగితే ఒక పెద్దాయన పలకరించాడు.

"ఏ ఊరు మీది? పొద్దున్నే ఇటొచ్చారు, ఏం పని?"

"పనేం లేదు బాబాయ్, ఊరికే తొక్కుదామని."

ఆయన నవ్వి, "మాకైతే ఈ కట్ట మీద పని పడకూడదనే దండం పెట్టుకుంటాం. వరదొస్తే గొడ్లు, గోదాలు, మంచాలు, పిల్లాజెల్లా... అంతా దీని మీదే" అన్నాడు.

ఆ మాట తర్వాత ఆ రోడ్డు నాకు వేరేగా కనిపించింది. 2009 అక్టోబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కుల నీళ్లొచ్చాయి. అంతకుమించి రాదనుకున్నారు. 2024 సెప్టెంబర్ మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులొచ్చాయి. లంకలన్నీ మునిగాయి. ఆ నీళ్లకీ, కుడివైపు ఊళ్లకీ మధ్య ఉన్నది ఈ మట్టి గోడ ఒక్కటే. మనకి ఇది వీకెండ్ రైడ్. వాళ్లకి ప్రాణం నిలబెట్టే కట్ట. అందుకే బురదగా ఉన్నప్పుడు బైకులతో గట్టు అంచులు కోసేసే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ దారిలో ఒకటే ఇబ్బంది, ఇసుక బళ్లు. రేవు దగ్గర ఇసుక తోలుతుంటే దుమ్ము, గుంతలు తప్పవు. ఆ ముక్క వరకూ పక్క ఊళ్లోకి దిగి మళ్లీ ఎక్కండి.

పట్టాల పక్కన భట్టిప్రోలు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది తేలిక. తెనాలి–రేపల్లె రైలు మార్గం 1916 నాటిది, సుమారు 34 కిలోమీటర్లు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన... ఆ స్టేషన్లని కలుపుతూ ఊళ్ల మధ్య చిన్న రోడ్లున్నాయి. కాళ్లు పీకితే ఏ స్టేషన్లో అయినా ఆగిపోవచ్చు. సైకిల్‌ని రైల్లో తేవాలనుకుంటే మాత్రం లగేజీ సంగతి ముందే స్టేషన్లో కనుక్కోండి.

భట్టిప్రోలులో గంటసేపైనా ఆగాలి. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడి బౌద్ధ స్తూపం తవ్వితే రాతి భరిణెలు, వాటి మీద బ్రాహ్మి అక్షరాలు బయటపడ్డాయి. దక్షిణ భారతంలో దొరికిన అతి పాత రాతల్లో అవీ ఉన్నాయి. తవ్వకాలకి ముందే స్తూపం సగం పోయింది. దాని ఇటుకలు రోడ్డుకి, చలువరాళ్లు కాలువ తూముకి వాడేశారు. మనం పొద్దున్నుంచీ మురిసిపోతూ తొక్కిన రోడ్లూ కాలువలూ ఊరికే రాలేదన్నమాట.

మూడో వైపు జాగ్రత్త

తెనాలి, బాపట్ల, రేపల్లె ఒక త్రిభుజం అనుకుంటే మూడో వైపు రేపల్లె–బాపట్ల. ఆ వైపు 216 నంబర్ జాతీయ రహదారి ఉంది. మ్యాప్స్ మిమ్మల్ని దాని మీదకే ఎక్కించాలని చూస్తుంది. వినకండి. పిట్టలవానిపాలెం, చందోలు వైపు ఊళ్ల రోడ్లు పట్టుకోండి. ఇవాళ చిన్న ఊరుగా కనిపించే చందోలు ఒకప్పుడు వెలనాటి చోడుల రాజధాని. సముద్రం వైపున్న నిజాంపట్నంలో 1611లోనే ఇంగ్లీషు వర్తకులు దిగారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు. రేపల్లె, బాపట్ల రెండూ 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. సైకిల్‌కి ఆ తేడా తెలీదు లెండి.

బయల్దేరే ముందు

ఎప్పుడు: నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వరి కోతలయ్యాక మొక్కజొన్న, జొన్న, మినుము చేలు చూడొచ్చు. ఎండాకాలం అయితే తొమ్మిదింటికల్లా నీడ చూసుకోండి.

గాలి: వేసవిలో మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. పొద్దున్నే సముద్రం వైపు పోయి, సాయంత్రం తెనాలి వైపు వస్తే గాలే మిమ్మల్ని తోస్తుంది.

మ్యాప్: శాటిలైట్ వ్యూ పెట్టండి. నీళ్ల పక్కన సన్నటి గీత కనిపిస్తే అదే గట్టు. అది ఊరి దాకా పోతుందా, మధ్యలో తెగుతుందా అని లాకుల దగ్గర అడగండి.

పంక్చర్: గట్ల మీద తుమ్మముళ్లు మామూలే. ట్యూబు, ప్యాచ్‌లు, చిన్న పంపు తప్పనిసరి.

నీళ్లు: లాకుల దగ్గర ఈతకి దిగొద్దు. పైకి నిమ్మళంగా కనిపించినా కింద లాగేస్తుంది. గట్లకి రెయిలింగ్ ఉండదు, చీకటి పడకముందే దిగిపోండి.

వరద: బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని వార్త కనిపిస్తే కరకట్ట ప్రోగ్రాం రద్దు. ఆ రోజు ఆ కట్ట మీద చోటు వేరేవాళ్లది.

ఇంకొక్క మాట. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంటుంది. తొక్కేసి పోకండి. దిగి, పక్కనుంచి నడిపించుకుపోండి. ఆ గింజల మీద ఒక ఇంటి ఏడాది అప్పు ఆధారపడి ఉంటుంది. మీరు దిగడం చూస్తే కుప్ప దగ్గర కూర్చున్న అవ్వ ముందు దారి చెబుతుంది, ఆ తర్వాత మంచినీళ్లిస్తుంది.