శ, ష, స మూడూ వినిపించాలి

స్టూడియోల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నాం, కొత్తగా దిగిన సామాన్లేవో చూసి రాయమన్నారు మా సంపాదకులు. అలా హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక మేడ మీది స్టూడియోకి వెళ్లాను. చూడాల్సినవి చాలానే ఉన్నాయి. నేను మాత్రం మధ్యాహ్నమంతా రికార్డింగ్ ఇంజనీరు పెద్దాయన కుడిచేతి పక్కనే కూర్చుండిపోయాను.

ఆ రోజు ఒక అమ్మాయి పౌరాణిక నాటక పద్యాలు పాడుతోంది. బూత్‌లోకి వెళ్లబోతూ ఆయనతో అన్న మాట నా చెవిన పడింది. "సార్, పోయినసారి వేరే చోట పాడితే శ, ష, స మూడూ ఒకటే అయిపోయాయండీ. మా గురువుగారు విని, నేను నేర్పింది ఇదేనా అన్నారు."

"నువ్వు సరిగ్గానే పాడుంటావు తల్లీ. డీ-ఎస్సర్ గట్టిగా పెట్టి ఉంటారు, అది మింగేసి ఉంటుంది" అన్నారాయన. స-కారాల ఈల చప్పుడుని తగ్గించే పరికరం డీ-ఎస్సర్.

ఆయన మొదట ప్రీయాంప్ సంగతి చూశారు. మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని పనికొచ్చే స్థాయికి పెంచేది ప్రీయాంప్. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి 1970లో రూపర్ట్ నీవ్ రూపొందించిన 1073 తరహాది. అందులోని ట్రాన్స్‌ఫార్మర్లు గొంతుకి కాస్త ఒళ్లు చేయిస్తాయి. రెండోది ట్రాన్స్‌ఫార్మర్ లేనిది, ఉన్నదాన్ని ఉన్నట్టు పంపుతుంది. వచ్చే నిర్మాతలందరూ నీవ్ ఉందా అనే అడుగుతారట. పెద్దాయన ఒకే పద్యాన్ని రెండింటి మీదా పాడించారు. ఎర్ర నాబ్‌ని ఒక్కొక్క మెట్టే తిప్పుతూ, కళ్లు మూసుకుని విన్నారు. ఆ అమ్మాయిది అసలే దిట్టమైన గొంతు. నీవ్ మీద రాగం తీసినప్పుడు నిండుగా ఉంది కానీ, సమాసాల దగ్గర అక్షరాలు ముద్దకట్టాయి. రెండో దాని మీద ప్రతి ఒత్తూ విడివిడిగా తేలింది. పేరున్న పెట్టెను పక్కన పెట్టి దాన్నే ఉంచారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

తర్వాత కంప్రెసర్, గొంతు పెరిగినప్పుడు దాన్ని నొక్కిపట్టేది. 1967లో వచ్చిన 1176 నమూనా అది. దాని అటాక్, అంటే నొక్కడానికి పట్టే సమయం, సెకనులో లక్షవ వంతుల్లో ఉంటుంది, 20 మైక్రోసెకన్ల నుంచి 800 దాకా. నాబ్ కుడికి తిప్పేకొద్దీ ఇంకా వేగంగా పట్టేస్తుంది. ఆయన చెయ్యి దాన్ని ఎడమకే తిప్పింది. ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా కుడికి తిప్పి వినిపించారు. 'ద్ధ' మొద్దుబారింది. పెదవులు విడివడే చప్పుడు, నాలుక పళ్లకి తగిలే దెబ్బ అణిగిపోయాయి. మళ్లీ ఎడమకి తిప్పగానే అక్షరానికి ప్రాణం వచ్చింది. అప్పుడు కూడా మీటర్ ముల్లు రెండు మూడు డెసిబెల్స్‌కి మించి కదలనివ్వలేదు. ఎక్కించేటప్పుడు నొక్కేసిన దాన్ని తర్వాత ఎవరూ విప్పలేరు. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు స్థాయి తక్కువున్నా నష్టం లేదు, తొందరపడి నొక్కాల్సిన అవసరమే లేదు.

మిగతా అదుపు ఆ అమ్మాయికే అప్పగించారు. "రాగం ఎత్తుకునేటప్పుడు జానెడు వెనక్కి జరుగమ్మా." మద్రాసులో వాద్యబృందంతో కలిసి ఒక్క టేకులో పాడిన తరం గాయకులకి ఈ విద్య కొట్టిన పిండి. మైకుకి ఎప్పుడు దగ్గరవ్వాలో, ఎప్పుడు ముఖం పక్కకి తిప్పాలో వాళ్లకి తెలుసు. ఇప్పుడు పంక్తి పంక్తి విడిగా పాడించి అతికిస్తున్నారు. గాయకుడికి ఆ అవసరమే రావడం లేదు, కాబట్టి నేర్చుకోవడమూ లేదు.

నా బాధ పరికరాల గురించి కాదు. ఇంగ్లండు నుంచి వచ్చినా, అమెరికా నుంచి వచ్చినా అవి మంచి పనిముట్లు. వాటిని తిప్పే చెవికి తెలుగు తెలియాలి. ఇంగ్లీషు పాప్ గొంతుల కోసం ఎవరో సిద్ధం చేసిన ప్రీసెట్‌ని తెచ్చి పద్యం మీద పెడితే, మహాప్రాణాలు అల్పప్రాణాల్లా వినిపిస్తాయి. వినేవాళ్లు ఈ కాలం పిల్లలకి ఉచ్చారణ రాదంటారు. నింద గాయకుల మీద పడుతుంది. అక్షరం ఎక్కడ విరిగిందో పట్టుకోగల పెద్దాయన లాంటివాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుందామంటే కుర్రాళ్లకి జీతమిచ్చే స్టూడియోలు అరుదు. కోర్సుల్లో సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నారు, వినడం నేర్పడం లేదు. ఆయనకి తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు, తెలుగులో అసలే లేదు.

నిర్మాతలకూ సంగీత దర్శకులకూ ఒక మనవి. పెట్టె పేరు చూసి స్టూడియో బుక్ చేయకండి. గాయకుడు వచ్చాక మొదటి అరగంట మైకు, ప్రీయాంప్ మార్చి మార్చి వినడానికే కేటాయించండి, ఆ అరగంటకీ అద్దె కట్టండి. పాట విడుదలయ్యే రోజు ఆ ఇంజనీరు పేరు కూడా వేయండి.