అడిగి కోసిన ఆకు

వేసవి సెలవుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పే తరగతి అనగానే డ్రాయింగ్ పుస్తకం, రంగుల పెట్టె, రెండు కొండల నడుమ సూర్యుడు గుర్తొస్తాయి ఎవరికైనా. హవాయి దీవుల్లో అక్కడి సంప్రదాయ కళలు నేర్పే వేసవి తరగతుల తీరు వేరు. మొదటిరోజే కుంచె చేతికివ్వరు. చెట్టు దగ్గరికి తీసుకెళతారు. 'ఆకు కావాలా? ముందు అడుగు' అంటారు.

ఎవరిని? చెట్టునే! దాని పేరు తెలుసుకోవాలి. ఎందుకు కావాలో చెప్పాలి. అవసరమైనంతే కోయాలి. అది అక్కడి పెద్దల పద్ధతి. పిల్లలు మొదట కిసుక్కున నవ్వుతారు. నాలుగు రోజులు పోయాక వాళ్లే మెల్లగా అడిగి, ఒక్క ఆకు తెంపుకొని వస్తారు.

ఆ మర్యాద వెనక ఓ కథ ఉంది. ఆకాశ పురుషుడైన వాకేయాకు ఓ కొడుకు ఊపిరి లేకుండా పుట్టాడట. అతన్ని పాతిపెట్టిన చోట చేమ మొక్క మొలిచింది. తర్వాత పుట్టిన తమ్ముడే హవాయి ప్రజల మూలపురుషుడు. అంటే, మనం పులుసు పెట్టుకునే చేమ వాళ్లకు సాక్షాత్తూ అన్నయ్య. అన్నను అడగకుండా ఆకు కోస్తారా మరి!

రంగులు కూడా చెట్లిచ్చినవే. పసుపు కొమ్ము దంచితే పసుపుపచ్చ. మన తొగరు జాతికి చెందిన నోని వేరు నుంచి ఎరుపు. కుకూయి గింజలు కాల్చిన మసి నుంచి నలుపు. వెదురు బద్ద చివర గీతలూ ముక్కోణాలూ చెక్కి, రంగులో ముంచి గుడ్డమీద అద్దుతారు. మచిలీపట్నం అద్దకం చూసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. మన మొగలికి దగ్గరి చుట్టమైన హలా ఆకుల్ని ఎండబెట్టి, ముళ్లు తీసి, చాపలా అల్లుతారు.

ఇదంతా సెలవుల కాలక్షేపమే అనుకుంటే పొరపాటు. పూర్వం ఆ దీవుల్లో బట్ట అంటే 'కపా'. వౌకే అనే చెట్టు లోపలి బెరడును నానబెట్టి, కొయ్య సుత్తులతో బాది పల్చగా సాగదీసేవారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సుత్తిమీది చెక్కడం అందులో లీలగా కనిపించేది. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చాయి. వాటి వెనకే వర్తకులూ, వాళ్ల నూలుగుడ్డలూ వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కపా చేసే చేతులే కరవయ్యాయి. 1893లో రాణి లిలియువొకలానీ సింహాసనం పోయింది. 1896లో చట్టం తెచ్చి బడుల్లో ఇంగ్లిషును బోధన భాష చేశారు. సొంత భాషలో మాట్లాడిన పిల్లలు బడిలో శిక్షలు అనుభవించారు. వాళ్లు పెద్దయ్యాక ఆ మాటల్ని తమ బిడ్డలకు చెప్పడానికే జంకారు.

1970ల్లో గాలి మళ్లింది. కొందరు పట్టుబట్టి, మ్యూజియాల్లో మిగిలిన పాత కపా ముక్కల్ని చూసి, బెరడు బాది బాది, పోయిన విద్యను తిరిగి తెచ్చుకున్నారు. 1978లో హవాయి భాషకు అధికార హోదా దక్కింది.

ఇప్పుడు మరో గండం. ఓహియా చెట్టుకు పూసే ఎర్రటి లెహువా పువ్వును కోస్తే వాన పడుతుందని అక్కడి నమ్మకం. ఆ చెట్లను నిలువునా ఎండబెడుతున్నది ఒక శిలీంధ్రమని 2014లో తేలింది. అందుకే అడవిలోకి అడుగుపెట్టేముందు బూట్లకంటిన మట్టిని శుభ్రంగా దులపమంటారు. పిల్లలు లెహువాను కోయరు. చెట్టుకింద కూర్చుని, చూసి గీస్తారు.

సాయంత్రం ఇంటికి చేరిన పాప, తను ఆకు అద్దిన గుడ్డను 'టూటూ' ఒళ్లో పరుస్తుంది. అక్కడ అమ్మమ్మనైనా నానమ్మనైనా పిలిచే పిలుపు అదే.

"ఇదేం ఆకు తల్లీ?"

"వౌకే, టూటూ."

తన చిన్నతనంలో ఇంట్లో ఎవరూ పలకని మాట అది. ఆవిడ పెదవులు కదిపి చూసి, ఆగిపోతుంది.

"తప్పు పలికితే నవ్వవు కదా?"

పాప నవ్వదు. అమ్మమ్మ ఎదురుగా కూర్చుని, మళ్లీ నెమ్మదిగా చెబుతుంది.