సొరుగులోని ఉత్తరము

పూర్వము మా చిత్తూరు సీమ పల్లెలలో దండోరా వేయు ఆచారము ఉండెను. శిస్తు కట్టవలసిన గడువు గాని, చెరువు తూము ఎత్తు దినము గాని ఊరివారికి తెలియవలెనన్న, ఒకడు తప్పెట మ్రోగించుచు వీధి వీధి తిరిగి చాటెడివాడు. చదువు వచ్చినవానికిని రానివానికిని, మిద్దెలోనివానికిని గుడిసెలోనివానికిని ఆ మాట ఒకే దినమున చేరెడిది. తప్పెట వాయించువాడు పండితుడు కాడు. అయినను అతడు ఒక్క వీధిని మరచినచో, ఆ వీధివారి పొలములకు నీరు అందకపోయెడిది. వార్తను చేరవేయుట ఎంత పెద్ద బాధ్యతయో నేను చాల ఆలస్యముగా తెలిసికొంటిని. ఆ సంగతినే మీకు చెప్పబోవుచున్నాను.

నేను తెలుగు పండిత శిక్షణ పొంది, పెక్కేండ్లు పద్యములును వ్యాకరణమును బోధించి, తుదకు ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనైతిని. ఆ పాఠశాల తిరుపతికిని చిత్తూరునకును నడుమ, కొండల ప్రక్కనున్న ఒక పల్లెలో ఉండెను. చుట్టును చెరకు మడులు, మామిడి తోటలు, వానలు కురిసిన ఏడు చెనక్కాయ చేలు. భౌతికశాస్త్రమన్న నాకు భయము. ఛందస్సులో గణములను లెక్కించుట తప్ప వేరు గణితము రాదని నన్ను గూర్చి నేనే హాస్యముగా చెప్పుకొనెడివాడను.

2011వ సంవత్సరమున ఒకనాడు తొమ్మిదవ తరగతిలో పద్యము చెప్పుచుండగా ఒక బాలిక లేచి నిలుచుండెను. ఆమె తండ్రి కౌలు రైతు. ముందటి ఆదివారము ఆమె బంధువుల ఇంటికి గాదంకి పోయి వచ్చినది.

“అయ్యవారూ! గాదంకిలో కంచె వేసి లోపల ఏమి పండించుచున్నారు? పందిరి గుంజల వలె వేయి గుంజలు నాటియున్నారు. తీగ మాత్రము ఒక్కటియు లేదు” అని అడిగెను.

తరగతి అంతయు నవ్వెను. నాకును నవ్వు వచ్చెను గాని సమాధానము రాలేదు. తెలియనిదానిని తెలియదని చెప్పుట నాకప్పటికి అలవాటే గనుక, “తెలిసికొని చెప్పెదనమ్మా” అంటిని. మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు ఉత్సాహవంతుడు. అతడు అనుమతి కొరకు జాబు వ్రాసి, నెల తిరుగకముందే నలువది మంది పిల్లలను గాదంకికి తీసికొనిపోయెను. నేనును వెంట వెళ్లితిని.

అది భారత ప్రభుత్వ అంతరిక్ష శాఖకు చెందిన సంస్థ. అచటి పెద్ద రాడారు 1993 నుండి పనిచేయుచున్నది. 2005లో ఆ సంస్థకు జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అని పేరు వచ్చినది. ఆ బాలిక చూచిన గుంజలు ఆంటెన్నాలు. ఒకప్పుడు ఇంటి కప్పులపై టెలివిజను కొరకు నిలిపిన కమ్మీల జాతివే అవియు. నూట ముప్పది మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల నేలలో అట్టివి 1024 కలవు. అవన్నియు కలిసి రేడియో తరంగములను ఆకాశము వైపు పంపును. గాలి అంతటను ఒకే తీరుగా ఉండదు. ఒకచోట వేడి, ఒకచోట చలి, ఒకచోట తేమ, ఒకచోట సుడి. ఈ తేడాలు గల తావుల నుండి తరంగములలో అత్యల్ప భాగము వెనుకకు మరలి వచ్చును.

ఆ వచ్చినదానివలన గాలి వేగము ఎట్లు తెలియునని మా పిల్లలు అడిగిరి. అచటి శాస్త్రజ్ఞుడొకడు, “పాకాల స్టేషనులో నిలుచుండి రైలు కూత విన్నారా? రైలు మన వైపు వచ్చునపుడు కూత కీచుగాను, దాటిపోవునపుడు బొంగురుగాను వినిపించును. గాలి కదలికను బట్టి మా తరంగము కూడ అట్లే మారి వచ్చును. ఆ మార్పును కొలిచి పైగాలి వేగమును తెలిసికొందుము” అని చెప్పెను. ఉష్ణమండలపు గాలిని గూర్చి పరిశోధించుటకు దేశములోని పలు విశ్వవిద్యాలయముల వారు మా చెరకు మడుల నడుమనున్న ఆ పల్లెకు వచ్చుచుందురని విని నేను ఆశ్చర్యపడితిని. దినమును ఆ త్రోవనే పోవుచున్న నాకు ఆ సంగతి అంతవరకు తెలియదు.

తిరిగి వచ్చునపుడు ఆ బాలిక నా ప్రక్కన కూర్చుండి, “అయ్యవారూ, ఇందులో పని దొరకవలెనన్న ఏమి చదువవలెను?” అని అడిగెను. “భౌతికశాస్త్రము చదువవలెనమ్మా” అంటిని. “దానికి మొదటి మెట్టు ఏది?” అని ఆమె మరల అడిగెను. నేను ఏమియు చెప్పలేకపోతిని.

మొదటి మెట్టు కొలది దినములలో తపాలాలో నా మేజా మీదికే వచ్చెను. భారత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘము అను సంస్థ 1984లో ఏర్పడినది. ఇంటరు చదువువారికి భౌతికశాస్త్రమున జాతీయ స్థాయి పరీక్షను ఆ సంఘము 1987 నుండి నడుపుచున్నది. పదవ తరగతియు అంతకు లోపలి తరగతులును చదువువారికి విజ్ఞానశాస్త్రమున వేరొక పరీక్ష కలదు. వచ్చిన జాబు ఆ చిన్నవారి పరీక్షను గూర్చినది. నేను రెండు పంక్తులు చదివితిని. అవి త్రైమాసిక పరీక్షల దినములు. మధ్యాహ్న భోజనపు లెక్కలు పంపవలసియుండెను. “ఇది పట్టణపు పిల్లలకు గాని మన పల్లెవారికి కాదు, పిమ్మట చూతము” అనుకొని ఆ జాబును సొరుగులో పెట్టితిని. మరల చూడలేదు.

నవంబరు నెలలో ఒకనాటి ప్రొద్దున ఆ బాలిక నా గదికి వచ్చెను. చేతిలో నలిగిన వార్తాపత్రిక ముక్క ఉన్నది. అంగడిలో పొట్లము కట్టి యిచ్చిన కాగితమది. పరీక్ష ఆ నెలలోనే జరుగునని అందులో ఉన్నది. “అయ్యవారూ! ఈ పరీక్షకు మన పాఠశాల నుండి ఎవరును దరఖాస్తు పెట్టలేదా?” అని అడిగెను.

సొరుగు నా మోకాలికి తగులుచున్నది. జాబు అందులోనే ఉన్నదని నాకు జ్ఞాపకము వచ్చెను. అయినను నా నోట వచ్చిన మాట, “మనకు వార్త రాలేదమ్మా” అని.

ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను. నన్ను అనుమానింపలేదు. గురువు మాటను అనుమానించుట ఆమెకు తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హరిశ్చంద్రుని కథను ఎన్ని తరగతులకు పాఠము చెప్పియుంటినో లెక్క లేదు. ఒక జాబును మరచుట పొరపాటు. దానిని దాచుటకు బిడ్డకు అబద్ధము చెప్పుట పొరపాటు కాదు, తప్పు.

మరునాడు ప్రార్థన ముగిసిన పిమ్మట, పిల్లలందరి యెదుటను ఆ జాబును చేత పట్టుకొని, “ఇది ఆగస్టులోనే వచ్చినది. నేను చదువక సొరుగులో పెట్టితిని. నిన్న మీలో ఒకరికి రాలేదని చెప్పితిని. అది నిజము కాదు. క్షమింపుడు” అంటిని. చెప్పునపుడు నా గొంతు వణకెను. పిల్లలు నిశ్శబ్దముగా ఉండిరి.

ఆ సాయంకాలము ఆమె వచ్చి చెప్పిన మాట నేటికిని మరువలేను. “వచ్చిన జాబులను ఇకమీద గోడకు అంటింపుడు, అయ్యవారూ. నాకు పనికిరానిది మరియొకరికి పనికివచ్చును” అనెను.

మరునాడే గది బయట గోడకు ఒక పలక బిగింపించితిమి. వచ్చిన ప్రతి జాబును దానిపై అంటించి, చివరి తేదీని ఎర్ర సిరాతో వ్రాయు పనిని ఆ బాలికకే ఒప్పగించితిని. మరుసటి సంవత్సరము, 2012లో, పదవ తరగతి చదువుచు ఆమె ఆ పరీక్ష వ్రాసెను. ఆమెతోపాటు మరి ఏడుగురు వ్రాసిరి. తెలుగులో చదివిన పిల్లలకు ఇంగ్లీషు ప్రశ్నపత్రము బరువాయెను. ఎవరును తరువాతి మెట్టు ఎక్కలేదు. కాని పరీక్ష వ్రాసి వచ్చిన ఎనమండుగురును ఆ ప్రశ్నలను గూర్చి మూడు దినములు వాదించుకొనిరి. మార్కుల కొరకు కాక, ఊరక తెలిసికొనుటకై పిల్లలు భౌతికశాస్త్రమును వాదించుట మా పాఠశాలలో నేను చూచుట అదియే మొదలు.

విద్యార్థులారా! నేను పదవీ విరమణ చేసితిని గాని ఆ పలక అలవాటు నన్ను విడువలేదు. కావున నేను తెలిసికొన్న వార్తలలో కొన్నిటిని ఇచట అంటించుచున్నాను.

భౌతికశాస్త్రమున అంతర్జాతీయ ఒలింపియాడు అను పోటీ కలదు. భారత బాలబాలికలు అందులో 1998 నుండి పాల్గొనుచున్నారు. 2015లో ఆ పోటీ ముంబయి నగరముననే జరిగెను. మన దేశపు భౌతికశాస్త్రజ్ఞులకు 1970లో ఏర్పడిన భారత భౌతికశాస్త్ర సంఘము కలదు. వారి పత్రిక పేరు ‘ఫిజిక్స్ న్యూస్’. పండితులకు కూడ తమ శాస్త్రపు వార్తలను చేరవేయు పత్రిక అవసరమైనప్పుడు, పల్లె పిల్లలకు అవసరము కాదా?

మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో నెలకొన్నది. 2017 జనవరిలో 104వ భారత విజ్ఞాన కాంగ్రెసు ఆ ఆవరణముననే జరిగెను. 2015లో తిరుపతికి రెండు జాతీయ సంస్థలు వచ్చినవి. ఒకటి ఐఐటి, రెండవది ఐసర్. ఐసర్‌లో ఇంటరు ముగించినవారు ఐదేండ్లు చదివి, శాస్త్రమును చదువుచునే పరిశోధన నేర్చుకొనవచ్చును. మీకు మరింత దగ్గరి వార్త ఒకటి కలదు. ఇస్రో 2019లో యువిక అను కార్యక్రమమును ప్రారంభించెను. అది తొమ్మిదవ తరగతి విద్యార్థుల కొరకు. ఎంపికలో ఎనిమిదవ తరగతి మార్కులను చూతురు; పల్లె పాఠశాలల వారికి ప్రాధాన్యమిత్తురు. అనగా మీరు ఈ పుస్తకమును చదువుచున్న ఈ సంవత్సరమే దానికి మెట్టు.

ఇవి పట్టణపు పిల్లలకు గాని మనకు కాదని మాత్రము అనుకొనకుడు. నేను చేసిన మొదటి తప్పు అదియే. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతము 1928లో కలకత్తా చేరి, సర్ సి. వి. రామన్ వద్ద పరిశోధకుడయ్యెను. 1931లో ఆ గురుశిష్యులు కలిసి కాంతి కణపు స్వభావమును గూర్చి ప్రసిద్ధమైన ప్రయోగము చేసిరి. పిమ్మట ఆయన బెంగుళూరు విజ్ఞాన సంస్థకు సంచాలకుడును ఆయెను. రామన్ పరిశోధన ఫలించిన ఫిబ్రవరి 28ని మనము జాతీయ విజ్ఞాన దినముగా జరుపుకొనుచున్నాము. కలకత్తాలో అట్టి పని జరుగుచున్నదను వార్త ఆ తెలుగు యువకునికి అందకపోయినచో ఏమగునో ఊహింపుడు. సముద్రమును దాటు బలము హనుమంతునికి ముందే ఉన్నది. ఉన్నదను మాటను జాంబవంతుడు చెప్పవలసి వచ్చెను.

మీ పాఠశాలలోను ఒక నోటీసు బోర్డు ఉండును. దాని ముందు దినమునకు ఒక్క నిమిషము నిలువుడు. చదివినదానిని రానివానికి చెప్పుడు. సెలవు పెట్టిన స్నేహితునికి, ఊరి చివరి వీధి నుండి వచ్చువానికి తప్పక చెప్పుడు. పోటీలో ఒకడు పెరిగిన మనకు నష్టమని దాచిపెట్టకుడు. దండోరా వేయువాడు తన వీధికి మాత్రమే చాటిన, ఊరు ఏమగును?

ఆ బాలిక తిరుపతిలో భౌతికశాస్త్రము చదివి, నేడు ఒక ఉన్నత పాఠశాలలో అదే శాస్త్రమును బోధించుచున్నది. గాదంకిలో పని దొరకలేదు. అందుకు ఆమెకు విచారము లేదు. ఏటేట తన పిల్లలను అచటికి తీసికొనిపోవుచున్నది. గత సంవత్సరము నన్ను తన పాఠశాలకు పిలిచెను. గుమ్మము ప్రక్కన గోడపై పలక, దానిపై జాబులు, ప్రతి జాబుపై చివరి తేదీ, ఎర్ర సిరాతో. ఆ పలక ముందు ముగ్గురు పిల్లలు నిలిచి చదువుచుండిరి. నేను వారి వెనుక నిలిచి, వారు ముగించువరకు వేచి, పిమ్మట లోనికి పోతిని.