దారికి తగిన కమాను

మన సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి ఆరంభమై నడుమ ఎక్కడో కలుసుకొంటాయి. అట్లే మన రెండు భాషలు కలుసుకొన్న మాటలలో కమాను ఒకటి. పారసీకంలో అది విల్లు. ఉర్దూ కవులకు ప్రేయసి కనుబొమ. మదనపల్లె మెకానిక్కుల షెడ్లలో మాత్రం లారీ కింద ఉండే ఉక్కు పట్టీల కట్ట. పూర్వం జట్కా బండికీ కమాన్లే ఉండేవి. ఎద్దుల బండికి ఉండేవి కావు. ఆ భేదమేమిటో రెండింటిలోనూ ప్రయాణించిన పెద్దల నడుములకు తెలుసు. నేటి కార్లలో పట్టీలకు బదులు చుట్టల స్ప్రింగులు వచ్చినవి. రూపం మారినా పని ఒక్కటే: దెబ్బ తగిలినప్పుడు వంగి, దానిని తనలో దాచుకొని, మరల యథాస్థితికి వచ్చుట.

ఈ విషయమై మేము ఆలోచింపవలసి వచ్చుటకు కారణం మా మేనల్లుడు. పుంగనూరు వాడు. కుప్పంలో గ్రానైటు పరిశ్రమలో ఉద్యోగం. తన సంపాదనతో బెంగుళూరులో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. నలుగురు కూర్చొనవచ్చును. వారానికి ఒకమారు కుప్పం నుండి పుంగనూరు వచ్చి, నడుము నొప్పితో బాధపడుచున్న తల్లిని, అనగా మా ఆపాను, మదనపల్లెకు వైద్యుని వద్దకు తీసుకొని వచ్చుట అతని నియమం. అయితే అతని మనస్సు మరొక కోరికపై ఉన్నది. కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించవలెనట. “చక్రానికీ రెక్కకూ నడుమ అంత సందు ఉంటే చూడడానికి బాగుండదు మామూ! మలుపుల్లో కారు ఒరగకుండా కూడా ఉంటుంది. అమ్మీని మీరే ఒప్పించాలి” అని మమ్ము కోరినాడు.

యువకుల కోరికను వెంటనే కొట్టివేయుట మాకు అలవాటు లేదు. అందులోనూ అతని మాటలో సగం శాస్త్రసమ్మతం. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత వెలుపలి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోవునన్నది కారు గురుత్వకేంద్రపు ఎత్తును బట్టి ఉంటుంది. ఆ ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకొని 3 సెంటీమీటర్లు తగ్గించినచో ఆ బరువు మార్పు నూటికి 6 వంతులు తగ్గుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ చెంత విద్యుత్ కార్ల ఫార్ములా–ఇ పోటీ జరిగినది. ఆ కార్లు నేలకు ఆనుచున్నవా అన్నంత కిందుగా పరుగెత్తినవి. కాని అది ఆ పోటీకొరకు సిద్ధపరచి, ఇతర వాహనాలను ఆపివేసిన సుమారు 2.8 కిలోమీటర్ల బాట. కారు ఎత్తును ఆ బాట నిర్ణయించినది. మన కారు ఎత్తును ఏ బాట నిర్ణయించవలెను?

మా కళాశాల భౌతికశాస్త్ర మిత్రుని వద్ద మేనల్లునితోపాటు మేమును శిష్యులమై కూర్చొన్నాము. స్ప్రింగు ఎంత బరువుకు అంత వంగునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం మన విద్యార్థులెరిగినదే. చుట్టల స్ప్రింగు బిగుతు మూడు కొలతలపై ఆధారపడును: తీగ మందం, చుట్ట వెడల్పు, పనిచేసే చుట్ల సంఖ్య. తీగ మందానికి నాల్గవ ఘాతం వర్తించును. కనుక 12 మిల్లీమీటర్ల తీగకు బదులు 13 మిల్లీమీటర్ల తీగ వాడినచో, కంటికి భేదమే కనబడకున్నా, స్ప్రింగు నూటికి సుమారు 38 వంతులు బిగుసుకొనును. చుట్లు తగ్గినకొలదీ కూడా బిగుతు పెరుగును.

ఇక దించుటలోని చిక్కు వినుడు. కారు దిగినకొలదీ చక్రం పైకి లేచుటకు మిగిలిన జాగా తగ్గును. 80 మిల్లీమీటర్లలో ఇముడ్చుకొను దెబ్బను 50లోనే ఇముడ్చుకొనవలెనన్న, లెక్క ప్రకారం స్ప్రింగు రెండున్నర రెట్లకు పైగా బిగుతు కావలెను. అంత బిగిసిన చక్రాలమీద ప్రయాణం ఎద్దుల బండిని తలపించును. బిగుతు చాలకున్నచో చివరనున్న రబ్బరు దిమ్మకు స్ప్రింగు గుద్దుకొని దెబ్బ సూటిగా వెన్నుకు తగులును. పైగా పాత షాకబ్జర్బర్లు కొత్త బిగుతును అదుపు చేయలేవు. చక్రాల కోణాలు మారి టైర్లు ఒక అంచున అరుగును.

ఇంతలో ఒకరు మరింత చౌక మార్గం చెప్పినారు: ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసివేయుట. ఆరు చుట్లలో ఒకటి పోయిన బిగుతు నూటికి 20 వంతులు పెరుగును. దానికి తోడు స్ప్రింగు కొస తన గూటిలో సరిగా కూర్చొనదు. గ్యాసు మంటతో కోసినచో ఉక్కుకు పెట్టిన పదును కూడా చెడును. గోతిలో చక్రం వ్రేలాడినప్పుడు అట్టి స్ప్రింగు స్థానం తప్పవచ్చును. ఈ మార్గాన్ని మేనల్లుడే మొదట విడిచినాడు. అది మాకు సంతోషం కలిగించినది.

తక్కిన సంశయం తీరుటకు దారినే అడుగుదమని నిశ్చయించినాము. మెకానిక్కు నాలుగు షాకబ్జర్బర్ల కడ్డీలకు సన్నని ప్లాస్టిక్ పట్టీలు బిగించినాడు. స్ప్రింగు వంగినప్పుడెల్లా ఆ పట్టీ పైకి జరిగి, అత్యధికంగా ఎంత వంగినదో గుర్తుగా అక్కడే నిలుచును. ఆపా, మేము, మేనల్లుడు, అతని మిత్రుడు, సామాను. ఇదే నిత్యపు బరువు. మదనపల్లె నుండి పుంగనూరు, అచ్చట నుండి పలమనేరు మీదుగా కుప్పం. ప్రమాణం ప్రకారం సాధారణ రోడ్డుపై వేగనిరోధకం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండి వాలుగా ఎక్కి దిగవలెను. దారిలోని పల్లెల ముందు తగిలినవాటిలో కొన్ని వెడల్పు లేక గోడవలె నిలిచి ఉన్నవి. ప్రతి దానివద్దను ఆపా ముందుగానే సీటును గట్టిగా పట్టుకొనుట మేము గమనించినాము. మేనల్లుడు కూడా అద్దంలో గమనించినాడు.

పుంగనూరులో టీ త్రాగునప్పుడు అతడు నవ్వుచు, “మన ఊరి ఆవు కూడా పొట్టిదే కదా మామూ, దానికి లేని ఇబ్బంది నా కారుకేమి?” అన్నాడు. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లే. ఆ పొట్టితనమే దానికి కీర్తి. “నిజమే; కాని అది తరతరాలుగా ఈ మెట్టనేలలో మేసి, ఈ నేలకు తగినట్లు ఎదిగిన ప్రాణి. దాని పొట్ట ఏ రాతికీ ఆనదు” అన్నాము. ఆపా కూడా నవ్వినారు.

కుప్పంలో కొలతలు చూచినాము. ఫలితం మేమెవ్వరమూ అనుకొననిది. వెనుక కుడి ప్రక్క స్ప్రింగుకు రబ్బరు దిమ్మను తాకుటకు మిగిలిన జాగా 17 మిల్లీమీటర్లు మాత్రమే. బరువుతో ఉన్నప్పుడు సైలెన్సరుకూ నేలకూ నడుమ 112 మిల్లీమీటర్లు. కారు పుస్తకంలోని ఎత్తుతో పోల్చగా వెనుక ఎడమ ప్రక్క 9, కుడి ప్రక్క 21 మిల్లీమీటర్లు అప్పటికే కుంగి ఉన్నవి. ఏండ్ల తరబడి మోసిన స్ప్రింగులు అలసిపోయినవన్న మాట. వెనుక భాగం కుంగుటచేత దీపాల కాంతి పైకెత్తి ఎదుటివారి కండ్లలో పడుచుండెను. షాకబ్జర్బర్లలో ఒకటి నూనె కారుచుండెను. మలుపులలో కారు తూలుటకు మూలం ఎత్తు కాదు, ఈ అలసటయే. అసలు ఎత్తు నుండి 40 దించినచో కుడి ప్రక్క మరి 19 దిగును; అచ్చట మిగిలినది 17. కొత్త స్ప్రింగు బిగువువలన వంపు కొంత తగ్గినా, ఆ జాగా చాలదని చెప్పుటకు శాస్త్రజ్ఞులు అవసరం లేదు.

అతడు చాలసేపు మాట్లాడలేదు. అటుపిమ్మట దాచిన సొమ్ముతో తయారీదారు కొలత ప్రకారమున్న కొత్త స్ప్రింగులు, నాలుగు షాకబ్జర్బర్లు వేయించి, చక్రాల కోణాలు సరిచేయించినాడు. కారు దిగుటకు బదులు లేచినది. “అందం కొంత తగ్గింది మామూ! కానీ మలుపులో ఇప్పుడు కారు నా మాట వింటోంది” అన్నాడు. ఆపా ఇప్పుడు సీటు పట్టుకొనుట లేదు. దారిపొడవునా తస్బీహ్ త్రిప్పుకొనుచున్నారు.

స్ప్రింగులు దించుట ఎల్లప్పుడును తప్పని మేము అనము. నునుపైన బాట, తక్కువ బరువు, జత కుదిరిన షాకబ్జర్బర్లు ఉన్నవారు 15, 20 మిల్లీమీటర్లు దించుకొని సుఖముగానే తిరుగవచ్చును. అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ దానినే స్థిరపరచినది. కావున రవాణా కార్యాలయంలోను, బీమా సంస్థలోను ముందుగా వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొనుట క్షేమం.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో మియానారవీ అను చక్కని మాట కలదు. అతిగా పోక నడిమి దారిన నడచుట అని అర్థం. స్ప్రింగు కొనునప్పుడు అది కేవలం నీతివాక్యం కాదు, మిల్లీమీటర్లలో కొలువదగిన సంగతి. వెనుక సీటులో ఎవరు కూర్చుందురో, ఏ దారిన పోవుదురో మొదట వ్రాసికొనుడు. ఆ తరువాతనే అంగడికి పొండు.